కార్డినల్ గోడమీది జాతర

నికొలా పూసాన్ గీసిన బాకస్ జాతర బొమ్మల మీద మొన్న వొక అభ్యుదయ మిత్రునితో నాకు పేచీ వచ్చింది. "తాగుబోతు దేవుళ్ళు, మేకకాళ్ళ మనుషులు! ఫ్యూడల్ ప్రభువుల విలాసం మనకెందుకు?" అన్నాడాయన. పక్కనున్న శుద్ధకళావాది, కళలో వర్గాలను వెతకడం మోటుతనమని సెలవిచ్చాడు. యిద్దరూ బొమ్మ చూడలేదని నా ఆరోపణ.

"పాన్ విజయోత్సవం" చిత్రానికి పూసాన్ వేసుకున్న చిత్తుబొమ్మలు విండ్సర్ కోటలో వున్నాయి. కలంతో గోధుమరంగు సిరా గీతలు. నీళ్ళు కలిపిన సిరాను కుంచెతో పూస్తే నీడ. వదిలేసిన కాగితమే వెలుతురు. వొకరి భుజం యెక్కడ ముగిసిందో, రెండోవారి చెయ్యి యెక్కడ మొదలయిందో పోల్చుకోవడం కష్టం.

యీ జాతర యెవరిది? క్రీ.పూ. 186లో రోమ్ సెనేట్ బాకస్ ఆరాధకుల మీద విరుచుకుపడింది. అనుమతి లేకుండా యిద్దరు మగవాళ్ళూ ముగ్గురు ఆడవాళ్ళకు మించి పూజకు కూడరాదు. వుమ్మడి నిధి వుండరాదు. వొకరికొకరు ప్రమాణాలు చేసుకోరాదు. ఆ శాసనం చెక్కిన కంచురేకు నేటికీ వియన్నాలో వుంది. (2024 దాకా మన నెత్తిన వున్న 144 సెక్షన్ గుర్తు రావడం లేదూ?) తాగుడుకు భయపడ్డ ప్రభుత్వం వుమ్మడి నిధినెందుకు నిషేధిస్తుందయ్యా?

పద్దెనిమిది వందల యేళ్ళ తర్వాత అదే జాతరను ఫ్రాన్స్ ప్రధానమంత్రి కార్డినల్ రిషల్యూ తన కోటగోడకు కోరి రాయించుకున్నాడు. 1635లో స్పెయిన్ మీద యుద్ధం ప్రకటించి, ఆ ఖర్చును రైతుల నెత్తిన పన్నులుగా రుద్దిన ప్రభుత్వం ఆయనదే. చిత్రం తయారైన 1636లోనే అంగూమ్వా, సెంతోంజ్ రైతులు తిరగబడ్డారు. 1639లో పూసాన్ పుట్టిన నార్మండీలోనే వుప్పుపన్ను మీద "వట్టికాళ్ళవాళ్ళు" లేచారు. సైన్యం వాళ్ళను అణచివేసింది. జనం వీధిలో కూడితే నేరం, గోడమీద కూడితే అలంకారం!

పూసాన్‌ను తిరుగుబాటుదారుణ్ణి చెయ్యడం నా వుద్దేశం కాదు. రోమ్‌లో కూర్చుని, మైనపు బొమ్మలు పెట్టెలో అమర్చి వెలుగునీడలు లెక్కవేసుకున్న మనిషి. కార్డినల్ డబ్బు పుచ్చుకున్న మనిషి. లండన్ నేషనల్ గ్యాలరీలోని పూర్తి చిత్రంలో ఆ లెక్క మరీ కనబడుతుంది, నునుపుదేరి, అతిథుల కోసం ముస్తాబయినట్టు. చిత్తుబొమ్మ అట్లా కాదు. అక్కడ సిరా యింకా తడిగానే వున్నట్టుంటుంది.

పన్నులు ప్రభువులు తీసుకున్నారు, సరే. పండుగను కూడా వాళ్ళకే రాసిచ్చి, మనం ఆకలి మాత్రమే వుంచుకోవాలా? ఆ మిత్రుడు మళ్ళీ వచ్చినప్పుడు బొమ్మ ప్రతిని ముందు పెట్టి, అందులో ప్రభువెవరో వేలు పెట్టి చూపమంటాను.