లేఖా స్వాతంత్ర్యము

1898వ సంవత్సరపు తపాలా చట్టమున 26వ సెక్షను ఒకటి యుండెను. ప్రజాక్షేమము పేర ఎవరి జాబునైనను నడిదారిలో పట్టుకొనుటకు అది దొరతనమువారికి హక్కొసగినది. దొరలు పోయిరి గాని హక్కు పోలేదు. 2023వ సంవత్సరపు నూతన తపాలా చట్టమందును అట్టి యధికారము 9వ సెక్షనుగా పదిలముగ నున్నది.

అయినను నేడు జాబులు వ్రాయువా రెందరు? సంసారపు ముచ్చట్లు, వర్తకుల బేరములు, సభల సన్నాహములు సర్వమును ఫోను సందేశములై, మన దేశమున ముఖ్యముగా వాట్సాప్ అను ఒక్క త్రోవన పోవుచున్నవి. అవి 2016 మొదలు గూఢలిపిలో పోవుచున్నవనుట నిజమే. కాని కవరులోని వ్రాత దాగినను కవరుమీది చిరునామా దాగదు గదా! ఎవరు, ఎవరికి, ఏ వేళ వ్రాసిరో ఆ సంస్థ యెరుగగలదు. ఆ సంస్థయో 2014 మొదలు ఫేస్‌బుక్కువారి సొత్తు. 2021 అక్టోబరు 4వ తేదీన వారి యంత్రములు ఆరు గంటలసేపు నిలిచిపోగా కోట్లకొలది జనుల నోరు మూతపడెను.

దీనికి మందుగా విజ్ఞులు చెప్పునది వికేంద్రీకృతమైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. స్వేచ్ఛ యనగా వెల లేకుండుట కాదు. దాని మూలమును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పదిమందికి పంచవచ్చును. వికేంద్రీకరణ మనగా ఎవరి సర్వరును వారు నిలుపుకొని, ఈమెయిలువలెనే ఒక సర్వరువారు మరియొక సర్వరువారితో మాటలాడుట. 2014లో నారంభమైన మాట్రిక్స్ ఇట్టిది. ఫ్రాన్సు ప్రభుత్వము తన యుద్యోగుల కొరకు 2019లో నెలకొల్పిన చాప్ దీనిమీదనే కట్టబడినది. జర్మనీ సైన్యమును దీనినే చేపట్టినది.

ఇంతమాత్రమున వికేంద్రీకరణ మనుపేరు వినినంతనే చేతులు జోడించుట మా యభిమతము కాదు. మాట్రిక్సునందు సంభాషణలో పాల్గొను సభ్యుల సర్వర్లన్నియు దాని ప్రతిని దాచుకొనును. లోపలి మాటలు గూఢలిపిలో నున్నను, ఎవరితో నెవరు కూడిరో ప్రతి సర్వరు యజమానికిని తెలియును. ఒక పెద్ద దొరను విడిచి పదిమంది చిన్న దొరల నాశ్రయించినట్లే! సిగ్నల్ సంగతి దీనికి విపరీతము. దాని మూలము బహిరంగమే గాని సర్వరు మాత్రము ఒక్క సంస్థదే. ఫోను నంబరు లేనిదే ప్రవేశము లేదు. అయినను 2016లో అమెరికా గ్రాండ్ జ్యూరీ ఒకటి సమాచారము కోరగా, ఖాతా తెరచిన దినము, కడపటిసారి కలిసిన దినము తప్ప ఇచ్చుటకు వారియొద్ద నేమియు లేకపోయెను. కేంద్రమొకటే యైనను అది తక్కువ యెరిగినది. కావున ఒంటరి వ్యక్తి గోప్యతకు నేటికి సిగ్నలే మేలని మా నిర్ణయము.

సర్వరే లేనిది బ్రయర్. ఇంటర్నెట్టు నిలిచిపోయిన చోటను, చేరువలోని ఫోనులు బ్లూటూతు ద్వారా, వైఫై ద్వారా దీనితో మాటలాడుకొనగలవు. 2019 ఆగస్టు మొదలు నెలల తరబడి ఇంటర్నెట్టు మూతపడిన కాశ్మీరమున ఇట్టిదాని విలువ యెంతయో వేరుగా చెప్పవలయునా? 2023 మే నెలలో భారత ప్రభుత్వము పదునాలుగు సాధనములను నిషేధించినపుడు వానిలో బ్రయర్ ఒకటి, మాట్రిక్సు వాడుకకు ముఖద్వారమైన ఎలిమెంట్ మరియొకటి! జమ్మూ కాశ్మీరమున హింసావాదులు వానిని వాడుచున్నారని కారణము చెప్పిరి. హింసకులను పట్టవలదని యెవరనిరి? కాని మూలము లోకమునకు తెరచియుంచిన సాఫ్ట్‌వేరును దుష్టుడు ఎక్కడనుండియైనను తెచ్చుకొనును. చట్టమునకు జడియు సాధుజనుడే దానిని విడుచును. 2009 నాటి నియమముల ననుసరించి ఇట్టి యుత్తర్వుల వివరములు గోప్యములట! ప్రజల సందేశములకు లేని గోప్యత ప్రభుత్వపు టుత్తర్వులకు కలదు. ఆంతరంగికత మూలహక్కని 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పిచ్చిన దేశమున ఇది తగునా? కారణములను ప్రకటింపవలయును, ఆ రెంటిపై నిషేధమును రద్దుచేయవలయును.

ఇక మన సంఘములును, గ్రంథాలయములును తమ మాట్రిక్సు సర్వరును నిలుపుకొనుట యసాధ్యము కాదు. ఒక చిన్న కంప్యూటరు, కొంత నెలసరి వెచ్చము, దానిని కనిపెట్టియుండు యువకు డొకడు చాలును. ఆ మూడింటిలో యువకుడే ముఖ్యము. 2019 ఏప్రిలున మాట్రిక్సువారి ప్రధాన సర్వరులోనికే దొంగలు చొరబడిరి. పాతబడిన పనిముట్టొకటి సకాలమున మార్పబడకుండుటయే కారణము. అట్టి కాపరి దొరకని చోట సర్వరు పెట్టకుండుటయే మంచిది.