దేశాటనము: మెక్సికోలో పది దినములు

విశ్రాంతి యను మాట మన గృహములలో తఱచుగా ఇల్లాలిని విడిచిపెట్టియే వినబడుచుండును. ఉద్యోగముచేసి యలసి వచ్చిన భర్తకు విశ్రాంతి కావలెనందురు. వృద్ధులైన మామగారికి కావలెనందురు. పరీక్షలు వ్రాసిన పిల్లవానికిని కావలెనందురు. ఇల్లాలికి మాత్రము జబ్బుచేసినప్పుడుగాని ఆ మాట వర్తింపదు. సెలవులకు ఊరు విడిచి పోయినను ఆమె పని ఆమె వెంటనే బయలుదేఱును. పూర్వము తీర్థయాత్రలకు పోయిన మన పెద్దలు బియ్యము, పప్పు, ఇత్తడి గిన్నెలు మూటగట్టుకొని పోయి సత్రములలో పొయ్యి రాజేసిరి. నేడు విమానములలో పోవు సోదరీమణులు కుక్కరును, ఆవకాయ సీసాను పెట్టెలో సర్దుకొని పోవుచున్నారు. మూట మాఱినదిగాని మోయువారు మాఱలేదు.

ఈ మాట ఇప్పుడెత్తుటకు కారణము కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు మెక్సికో దేశము చేరువ. టెక్సాసు నగరములనుండి కాంకూను సముద్రతీరమునకు విమానములో సుమారు మూడు గంటల ప్రయాణము. అందుచేత నాలుగు కుటుంబములు కలిసి, వంటయిల్లుగల యొక పెద్ద బంగళాను అద్దెకు తీసికొని, నాలుగు దినములు గడిపి వచ్చుట యొక ఆచారమైనది. పురుషులు సముద్రమునందును, స్త్రీలు పులిహోరయందును మునుగుదురు. ఇది విహారమే కావచ్చును, విశ్రాంతి కాదు. కావున పెండ్లియై కొన్నియేండ్లు గడచిన దంపతులు, వీలైనచో పిల్లలను అమ్మమ్మ యొద్దనో నానమ్మ యొద్దనో విడిచి, తామిద్దరే పది దినములు ఆ దేశమున గడపుట యెట్లో ఈ నెల ముచ్చటింతము.

భారతదేశపు పాస్‌పోర్టు గలవారికి మెక్సికో వీసా కావలసియుండును. అయితే చెల్లుబాటులోనున్న అమెరికా, కెనడా, బ్రిటను, జపాను లేక షెంగెన్ దేశముల వీసా గలవారిని విహారమునకై వేఱు వీసా లేకయే రానిత్తురు. నిబంధనలు మాఱుచుండును గనుక టిక్కెట్టు కొనకముందే రాయబార కార్యాలయమువారి ప్రకటన చూచుకొనవలెను. డిసెంబరు మొదలు ఏప్రిల్ వఱకు వానలుండవు, ఎండయు మితము. జూన్ మొదలు నవంబరు వఱకు తుపానుల కాలము. 2005వ సంవత్సరము అక్టోబరులో విల్మా యను తుపాను ఆ తీరమును ఎంత పీడించినదో అక్కడివారు నేటికిని చెప్పుకొందురు. బంగాళాఖాతపు ఒడ్డున పెరిగిన మనకు ఆ భయమును వేఱుగా వివరింపనక్కఱలేదు. 2011 తరువాత సర్గాసమను గోధుమవన్నె నాచు వేసవి నెలలలో ఆ తీరమునకు విశేషముగా కొట్టుకొనివచ్చుచున్నది. అదియు శీతకాలమున పోవుటకే యొక కారణము.

ముందు నగరమా, ముందు సముద్రమా యని దంపతులకు వాదము కలుగును. సముద్రమును కడపటికి దాచుకొనుట మంచిదని పలువురందురు. నా యభిప్రాయము వేఱు. అలసిన మనస్సునకు ఏ మహానగరమును రుచింపదు. అయిదు దినములు ఊరక కూర్చున్నమీదట ఏదైన చూడవలెనను కుతూహలము దానంతట అదే మేల్కొనును. కావున ముందు సముద్రము, తరువాత నగరము.

కాంకూను చాల క్రొత్త ఊరు. 1970లో ప్రభుత్వమువారు విహారస్థలముగా నిర్మింప మొదలిడువఱకు అది దాదాపు నిర్జనమైన యిసుకదిబ్బ. నేడక్కడ ఆకాశమునంటు హోటళ్లును, తెల్లవారుజాము వఱకు వాద్యఘోషయు నున్నవి. దంపతులకు దాని కెదుటనున్న ఈస్లా ముహేరెస్ అను ద్వీపము మేలు. పడవలో ఇరువది నిమిషముల ప్రయాణము. పొడవు సుమారు 7 కిలోమీటర్లు, వెడల్పు మిక్కిలి తక్కువ. ఆ పేరునకు స్త్రీల దీవి యని యర్థము. 1517లో స్పెయిను నావికులు అచ్చట దిగినప్పుడు స్త్రీమూర్తుల ప్రతిమలను చూచి ఆ పేరు పెట్టిరందురు. ఆ ప్రతిమలు మాయా జాతివారు కొలిచిన ఇష్చెల్ దేవతకు సంబంధించినవని చెప్పుదురు. ఇష్చెల్ ప్రసవమునకును, నేతకును, ఔషధములకును అధిదేవత. పురుడు, మగ్గము, మందు అను మూటిని ఒక్క తల్లి చేతిలో నుంచిన జాతివారు స్త్రీల బ్రదుకును బాగుగా నెఱిగినవారే. దీవి దక్షిణపు కొనయందు కొండచఱియమీద శిథిలమైన చిన్న గుడి యొకటి కలదు. 1988లో వచ్చిన గిల్బర్టు తుపాను దానిని మఱింత పాడుచేసినది.

ఉత్తరపు కొనయందు తెల్లని యిసుకయు, చాలదూరము వఱకు నడుములోతు మించని ప్రశాంతమైన నీరును ఉన్నవి. ఈత రానివారుకూడ నిర్భయముగా దిగవచ్చును. ఇచ్చట చేయవలసిన పనియేమి యని యడుగుదురేమో. ఏమియు లేదు. ఆ ఏమియు లేకపోవుటయే మనకు కష్టము. ప్రొద్దుననే లేచి కాఫీ యెవరు కలుపుదురని చూచుట, ఆయన కండ్లజోడు ఎక్కడ పెట్టితిరో చెప్పుట, మధ్యాహ్నము ఏమి తినవలెనో యోచించుట, వీనిని కూడ ఇల్లాలు ఇంట విడిచి రావలెను. భర్తలకొక మనవి. ఈ అయిదు దినములును భోజనము ఎక్కడ, పడవ ఎన్ని గంటలకు, తాళపుచెవి యెవరియొద్ద అను చిన్నచిన్న నిర్ణయములన్నియు మీరే చేయుడు. ఇల్లాలిని అలయించునది చేతిపని యొక్కటియే కాదు. అన్నిటిని తలలో మోయుట అంతకన్న నెక్కువ అలయించును.

భోజనమున కేమగునో యను భయముచేతనే మన స్త్రీలు కుక్కరు మోయుచున్నారు గనుక ఆ సంగతి కొంత విపులముగా చెప్పెదను. మెక్సికో వంట మనకు పరాయిది కాదు. మనము నిత్యము వాడు మిరపకాయ ఆ దేశమునుండియే లోకమెల్ల వ్యాపించినది. 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు తెచ్చువఱకు మన పూర్వులకు మిరియమే కారము. టొమాటో యను మాట అచ్చటి నవాత్లు భాషలోనిదే. మన యిండ్ల పెరటిలోని సపోటా చెట్టు జన్మస్థానము ఆ ప్రాంతమే. దాని పేరుకూడ నవాత్లు మాటయే స్పానిషు నోటబడి మనకు చేరినది. వారి వంటయింట నల్లరాతి రోలు మోల్కహేతె. అందులో పచ్చిమిరపకాయలు, కాల్చిన టొమాటోలు, ఉప్పు వేసి నూరిన పచ్చడిని తిన్న తెలుగు స్త్రీ తన పుట్టింటిని తలచుకొనక మానదు.

వారి యన్నము మొక్కజొన్న రొట్టె, తోర్తియా. గింజలను సున్నపునీటిలో ఉడికించి, రాత్రియంతయు నాననిచ్చి, పొట్టు కడిగి, రాతిమీద మెత్తగా నూరి ముద్దచేసి, పలుచగా తట్టి పెనముమీద కాల్తురు. సున్నమెందులకని యడుగవచ్చును. మొక్కజొన్నలోని నయాసిన్ అను విటమిను సున్నముతో ఉడికిననేగాని శరీరమునకు చక్కగా అందదు. ఈ గింజను ఐరోపావారు తీసికొనిపోయిరిగాని సున్నపు సంగతిని తీసికొనిపోలేదు. తత్ఫలితముగా ఇటలీలోను, తరువాత అమెరికా దక్షిణ రాష్ట్రములలోను మొక్కజొన్నయే యాధారముగా బ్రదికిన బీదలు పెలగ్రా యను వ్యాధిచేత వేలకొలది మరణించిరి. రసాయనశాస్త్రము పుట్టకముందే ఈ కిటుకును కనుగొని, తల్లి కూతురికి నేర్పుచు వేల సంవత్సరములు నిలిపినది వంటయింటి స్త్రీలే. వారి పేరు లెవరును వ్రాసియుంచలేదు.

శాకాహారులు రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. ఉడికించిన చిక్కుడుగింజలలో పందికొవ్వు కలుపుట కలదు. అన్నమును కోడిరసముతో వండుటయు కలదు. కావున ‘సిన్ కార్నే, సిన్ మాంతెకా’, అనగా మాంసమును కొవ్వును వలదని ముందే చెప్పవలెను. గుమ్మడిపూవులు, జున్ను పెట్టి మడిచిన రొట్టెలు, ముండ్లు తీసి వండిన నాగజెముడు మట్టల కూర, వెన్నపండు పచ్చడి మనకు రుచించును. కుళాయినీరు త్రాగరాదు, సీసానీరే త్రాగవలెను.

ఇక మహానగరము. కాంకూనునుండి విమానములో రెండున్నర గంటలు. మెక్సికో నగరము సముద్రమట్టమునకు 2,240 మీటర్ల యెత్తున, అనగా మన ఉదకమండలమంత యెత్తున ఉన్నది. మొదటి దినము మెట్లెక్కినచో ఆయాసము కలుగును. మెల్లగా నడచుచు, నీరెక్కువగా త్రాగుచు ఆ దినమును గడుపవలెను. సాయంకాలమునకు శాలువ యవసరము.

ఈ నగరము ఒకప్పటి సరస్సుమీద ఉన్నది. 1325 ప్రాంతమున ఆజ్తెకులు సరస్సునడుమ దీవిమీద తెనోచ్తిత్లాన్ అను రాజధానిని కట్టిరి. 1521లో స్పెయినువారు దానిని కూల్చి, ఆ రాళ్లతోనే తమ నగరమును కట్టి, క్రమముగా సరస్సు నెండగట్టిరి. నేడు కోట్లమంది దప్పిక తీర్చుటకై భూగర్భజలమును తోడుచున్నందున నేల క్రుంగుచున్నది. కొన్నిచోట్ల ఏడాదికి అరమీటరు వఱకు దిగుచున్నది. పెద్ద చౌకమునందలి మహాదేవాలయము లోపల నిలుచున్నచో నేల వాలియుండుట తెలియును. చెఱువును పూడ్చి నగరమును పెంచినవారు నీటికై వెదకుకొనవలసివచ్చుట మన పట్టణములవారును చూచి తెలిసికొనదగినది. ఆ సరస్సులో మిగిలిన కాలువలు సోచిమిల్కోలో నున్నవి. రంగులు వేసిన పడవలలో కుటుంబములు ఆదివారములు గడుపుదురు. ఒడ్డుల వెంట చినాంపాలను నీటిమడులలో నేటికిని పూలు, కూరలు పండించుచున్నారు.

స్త్రీలు తప్పక చూడవలసినవి మఱి రెండు కలవు. ఒకటి సోర్ హువానా యను సన్యాసిని నివసించిన మఠము. అందిప్పుడు విశ్వవిద్యాలయమున్నది. 17వ శతాబ్దిలో చదువుకొనుటకు వేఱుదారి లేక ఆమె మఠము చేరి, గొప్ప గ్రంథాలయమును కూర్చుకొని, కావ్యములు వ్రాసెను. స్త్రీకి శాస్త్రములెందుకని మతాధికారి మందలింపగా 1691లో ఆమె వ్రాసిన సమాధానము నేటికిని చదువబడుచున్నది. తుదకు పుస్తకములను విడిచి, అంటువ్యాధి పీడితులైన తోడి సన్యాసినులకు సేవచేయుచు 1695లో మరణించెను. నేడు ఆ దేశపు నూఱు పెసోల నోటుమీద ఆమె ముఖమున్నది. ఆ దేశపు స్త్రీలకు జాతీయ ఎన్నికలలో వోటుహక్కు 1953లో వచ్చినది. 2024 అక్టోబరులో క్లౌదియా షేన్‌బౌమ్ తొలి మహిళా అధ్యక్షురాలైనది.

రెండవది కొయొఅకాన్ పేటలో ఫ్రీదా కాలో యను చిత్రకారిణి పుట్టి, పెరిగి, 1954లో మరణించిన నీలిరంగు ఇల్లు. ముందుగా టిక్కెట్టు కొననిచో ప్రవేశము దుర్లభము. పదునెనిమిదవ యేట బస్సు ప్రమాదమున వెన్నెముక విఱిగినను మంచముమీదనే చిత్రములు వ్రాసిన ధీరురాలామె. ఆమెయు భర్త దియెగో రివేరాయు కొంతకాలము శాన్ ఆన్హెల్ పేటలో చెఱియొక యింట నివసించిరి. ఆ యిండ్లను మిద్దెమీద ఒక చిన్న వంతెన కలుపును. వారి దాంపత్యము ఆదర్శమని నేననను. 1939లో విడిపోయి, మరుసటియేడు మఱల పెండ్లాడిరి. కాని భార్యకు తన పని తాను చేసికొను గదియొకటి యుండవలెనను ఊహ ఆ వంతెనను చూచిన దంపతుల మనస్సునకు తోచకపోదు. రివేరా విద్యాశాఖ భవనపు గోడలమీద వ్రాసిన చిత్రములలో రొట్టె విఱచి పంచు నొక భారతీయుడున్నాడు. ఆయన పాండురంగ ఖాన్‌ఖోజే, మన స్వాతంత్ర్యసమరమున ప్రవాసియై, మెక్సికోలో కృషిశాస్త్రము బోధించిన మహారాష్ట్రుడు.

అతిథులకును ధర్మములు కలవు. రోమా, కొందేసా పేటలలో విదేశీయులు చేరుటచేత అద్దెలు పెరిగి తాము వెడలవలసి వచ్చుచున్నదని 2025 జూలైలో నగరవాసులు ఊరేగి నిరసించిరి. గృహస్థుల యిండ్లను అద్దెకు తీసికొనుటకన్న హోటలులో దిగుట న్యాయము. హోటలులో మన పక్క సర్దు స్త్రీకూడ ఒక యింటి ఇల్లాలే. మన విశ్రాంతి ఆమె శ్రమమీద నిలిచియున్నది. ప్రతిదినము ఆమెకు కొంత సొమ్మును, ‘గ్రాసియాస్’ అను కృతజ్ఞతావాక్యమును ఇచ్చుట మఱవరాదు. నగరమున భూగర్భ రైలులో రద్దీవేళ స్త్రీలకు ప్రత్యేకముగా పెట్టెలుండును. మ్యూజియములు పెక్కు సోమవారము మూసియుండును.

కడపట ఒక్క మాట. తిరిగివచ్చిన మఱునాడు మురికిబట్టల పెట్టె విప్పువారెవరో బయలుదేఱకముందే తేల్చుకొనుడు. ఆ పెట్టె ఇల్లాలి కొఱకే కాచుకొనియుండినచో పది దినముల విశ్రాంతియు ఒక్క పూటలో కరగిపోవును. దంపతులిద్దరును కలిసి విప్పి, ఆ రాత్రి భోజనమునకు ఉన్నదేదో కలిసి వండుకొనినచో, ఈ యాత్రకైన వ్యయము సార్థకమైనదని నేను భావింతును.