బస్సెక్కితే వాంతులవుతాయా?

కడుపు ఆపరేషనై వార్డుకొచ్చిన ఒక కోనసీమ వ్యవసాయ కూలీ రాత్రంతా వాంతులు చేసుకుంది. కుట్ల మీద చెయ్యి అదిమిపెట్టి పక్కకి ఒరిగినప్పుడల్లా తల్లి బేసిన్ పట్టింది. "ఆపరేషనన్నాక ఆమాత్రం ఉండదా? నువ్వొక్కదానివే చేయించుకున్నావా?" అని డ్యూటీలో ఉన్నామె విసుక్కుంది. తర్వాత ఆ తల్లి నాతో అంది: "నొప్పయితే ఓర్చుకుందండి. ఆ డోకులే ప్రాణం తీసేశాయి." గోదావరి డెల్టా గ్రామాల్లో ఇలాంటి మాటలు చాలా విన్నాను. ఆపరేషన్ ఎందుకు చేశారు, ఎంత ఖర్చయింది, సంతకం ఎవరు పెట్టారు అని అడిగిన నేను కూడా వాంతుల గురించి అడగలేదు. నా ప్రశ్నావళిలో ఆ ప్రశ్నే లేదు.

ఇది ముఖ్యంగా స్త్రీల సమస్య. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో 69.6 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే. భర్తలు చేయించుకున్నది 0.4 శాతం. కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. కోతలన్నీ మన కడుపుల మీదే పడుతున్నాయి.

పైగా ఆపరేషన్ తర్వాత వాంతులు పురుషులకంటే స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువ. 1999లో క్రిస్టియన్ ఆప్ఫెల్ అనే మత్తు వైద్యుడు, ఆయన సహచరులు పూర్తి మత్తు ఇచ్చినవారిని పరిశీలించి నాలుగు కారణాలు తేల్చారు: స్త్రీ కావడం, పొగతాగే అలవాటు లేకపోవడం, ప్రయాణాల్లో గానీ పాత ఆపరేషన్ తర్వాత గానీ వాంతులైన అనుభవం, నొప్పికి మార్ఫిన్ వంటి నల్లమందు జాతి మందులు వాడటం. రెండుంటే నూటికి సుమారు నలభై మందికి, నాలుగూ ఉంటే ఎనభై మందికి ఈ బాధ వస్తుంది. మన స్త్రీలలో ఎక్కువమందికి మొదటి రెండూ ఉన్నట్టే. సిజేరియన్‌కి వెన్నులో మత్తు ఇచ్చినప్పుడు బి.పి. పడిపోయినా వికారం వస్తుంది. వీటిలో ఏదీ "ఆడవాళ్ళ సుకుమారం" కాదు.

దీనికి మందులున్నాయి. ఒండాన్‌సెట్రాన్, డెక్సామెథసోన్ ఒక్కొక్కటీ ఈ ప్రమాదాన్ని సుమారు నాలుగో వంతు తగ్గిస్తాయని ఐదువేల మందికి పైగా రోగులతో చేసి, 2004లో ప్రచురించిన పరిశోధన చూపింది. రెండూ ఖరీదైనవి కావు. రెండూ జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నాయి. మరి అందరికీ ఎందుకు అందడం లేదు? స్త్రీ ఓర్చుకుంటుందన్న ధీమాతోనే కదా! వాంతులతో ఒళ్ళు నీరసిస్తుంది, కుట్లు లాగుతాయి, బాలింత బిడ్డకు పాలివ్వలేదు. తోడొచ్చిన తల్లో ఆడపడుచో కూలి మానుకుని బేసిన్ పట్టుకుని కూర్చుంటుంది. ఆ నష్టం ఏ లెక్కలోనూ రాదు.

ఆపరేషన్‌కి స్త్రీలను తీసుకెళ్ళే కార్యకర్తలకు నా సూచన ఒకటే. సంతకం పెట్టేముందు మత్తు డాక్టరు ఆమెను "బస్సెక్కితే వాంతులవుతాయా? ఇదివరకు ఆపరేషన్లో అయ్యాయా?" అని అడిగేలా చూడండి. అడగకపోతే మనమే చెబుదాం, వాంతులు రాకుండా ఏం ఇస్తున్నారో అడుగుదాం. మన సర్వే ఫారాల్లో కూడా ఆ ప్రశ్న చేర్చుదాం. నేను నా ఫారంలో చేర్చాను.