మామూ డైరీలు ఎవరు చదవాలి?

మా మామూజాన్ చెహ్లుం అయిన మర్నాడు ముమానీ నా చేతిలో ఒక బట్ట సంచి పెట్టింది. "నువ్వు ఉర్దూ మీడియం చదివినోడివి బేటా. ఇందులో ఏం రాసుకున్నారో చూడు. మా పిల్లలకు చదవరాదు" అంది. సంచిలో నాలుగు పాత డైరీలు, నిండా గ్రీజు మరకలు. తెరిచిన పేజీలో రెండే అంకెలున్నాయి: క్రౌన్ 43, పినియన్ 8. కింద ఎర్ర సిరాతో, "గిన్‌కర్ లగానా". లెక్కపెట్టి బిగించాలి అని.

మామూది కొత్తగూడెంలో జీపుల షెడ్డు. భద్రాచలం దాటాక అటు దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, ఇటు కూనవరం, చింతూరు. 2014లో కూనవరం, చింతూరు ఆంధ్రాలో కలిశాయి గానీ, ఏపీ 20 నంబరు పాత జీపులకు ఏదన్నా అయితే మళ్లీ ఇటే వచ్చేవి. సంతకు పోవాలన్నా, వాగు అవతలి గూడెం నుంచి మనిషిని దవాఖానాకు తేవాలన్నా ఆ జీపులే దిక్కు.

పాత జీపుకు అసలు కష్టం రిపేరు కాదు, పార్టు. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. దశాబ్దాలు గడిచినా మొహం పెద్దగా మారలేదు, కడుపు మాత్రం మారుతూ వచ్చింది. ఎంఎం 540లో 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజన్. హీటర్ ప్లగ్గులు పోతే చలికాలం పొద్దున అది లేవదు. తర్వాత డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లు వచ్చాయి, వాటి నాజిళ్లు వేరు, పంపు వేరు. పైగా ముప్పై ఏళ్లలో ఒక జీపు ఇంజన్ ఇంకో జీపులోకి ఎక్కి ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌కు పోయి "కమాండర్ పార్టు ఇవ్వు భాయ్" అంటే చాలదు. ఇంజన్ నంబరు చూడాలి, బేరింగు అంచు మీద నంబరు చదవాలి, ఆయిల్ సీలుకు లోపలి కొలత, బయటి కొలత, మందం మూడూ కావాలి.

ఆ 43, 8 కథ నాకు తెలుసు. అప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. చర్ల వైపు నుంచి వచ్చిన ఒక జీపుకు వెనక హౌసింగ్‌లో పళ్లు అరిగిపోయాయి. ఓనరు గరీబు, కొత్తది కొనలేడు. మామూ తుక్కులోంచి ఒక సెట్టు తెచ్చి బిగించాడు. బండి రోడ్డు మీద చక్కగా పోయింది. వారం తర్వాత ఒక రాత్రి పురిటి నొప్పుల మీదున్న ఆడమనిషిని ఎక్కించుకుని వస్తూ, వాగు ఒడ్డున బండరాళ్లు ఎక్కడానికి డ్రైవరు ఫోర్ వీల్ వేశాడు. పెద్ద చప్పుడు, బండి అక్కడే ఆగిపోయింది.

ముందు హౌసింగ్‌లో పళ్లు 39 కి 8. మామూ వెనక పెట్టినవి 43 కి 8. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నూటికి పది తేడా. రెండు చక్రాల మీద నడిచినంతసేపు ఆ ఐబు బయటపడదు. నాలుగూ కలిపితే, జారడానికి మెత్తటి నేల లేని చోట ముందూ వెనకా ఒకదాన్నొకటి గుంజుకుని ఎక్కడో ఒకచోట విరగాల్సిందే. ఆ తల్లిని మంచం మీద మోసుకొచ్చారు. తల్లీ బిడ్డా దక్కారు, షుకర్ అల్లాహ్ కా. మామూ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఓనరు ఇంటికి పోయి "గల్తీ నాది" అని చెప్పి, సొంత పైసలతో బండి బాగుచేశాడు. డైరీలు ఆ తర్వాతే మొదలయ్యాయి.

ఇక నేను చెప్పదలచుకున్న మాట. మన ఖౌమ్‌లో మెకానిక్కులకు కొదవ లేదు. స్కూలు మానేసిన పిల్లాడు పానా పట్టుకుని షాగిర్దుగా చేరి, దెబ్బలు తిని, పదేళ్లకు ఉస్తాద్ అయ్యాడని గర్వంగా చెప్పుకుంటాం. కానీ చాలామంది ఉస్తాదులు హునర్ మొత్తం చెప్పరు. చివరి పేచ్ దాచుకుంటారు. చెబితే రేపు ఎదురుగా షెడ్డు పెడతాడని ఖౌఫ్. ఆ భయం నాకు అర్థమవుతుంది, రోజీ రోటీ మాట కదా. కానీ దాచుకున్న హునర్ ఖబర్ దాకా వెంటపోతుంది. నష్టం మాత్రం వాగు ఒడ్డున ఆగిపోయిన వాళ్లది.

ఇప్పుడు తొందర కూడా ఉంది. ఒకప్పుడు సర్కారీ జీపులు వేలానికి వస్తే పార్టులు దొరికేవి. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలు నేరుగా తుక్కుకే. సొంత బండ్లు ఫిట్‌నెస్ పాసైతే ఇంకా తిరగొచ్చు. అంటే బండ్లు ఉంటాయి, పార్టులు తగ్గుతాయి, తెలిసినవాళ్లు ఇంకా తగ్గుతారు.

ఈ డైరీలను నేను తెలుగులోకి రాస్తున్నాను. ఎవరైనా సొంతంగా చేసుకోగలిగినవి చాలా ఉన్నాయి. డీజిల్ అయిపోయి గాలి పట్టిందనుకోండి, ఫిల్టరు మీది బోల్టు కొంచెం వదులు చేసి, పంపు మీద చేతితో కొట్టే మీట కొట్టాలి. బుడగలు ఆగి చమురు ధారగా వచ్చాక బిగిస్తే బండి లేస్తుంది. వాగు దాటాక హౌసింగ్ నూనె పాలలా తెల్లబడితే నీళ్లు పోయినట్టు, వెంటనే మార్చాలి. వరదలో మునిగిన జీపు గురించి 1986 పేరు మీద ఒక పేజీ ఉంది. ఆ ఏడు భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. "సెల్ఫ్ కొట్టొద్దు. నాజిళ్లు విప్పి, ఇంజన్ చేత్తో తిప్పి నీళ్లు తీయాలి, నూనె మొత్తం పారబోయాలి" అని ఉంది. 2022లో 71.3 అడుగులు వచ్చినప్పుడు ఈ నాలుగు ముక్కలు తెలియక సెల్ఫ్ కొట్టి రాడ్లు వంచుకున్నవాళ్లను నేనే చూశాను.

బ్రేకులు, స్టీరింగు దగ్గర మాత్రం మామూ ఒక్క మాటే రాశాడు: జుగాడ్ హరామ్. విరిగిన స్టీరింగ్ రాడ్డుకు వెల్డింగు పెట్టడం, పేరు లేని రబ్బర్లు వేసి కంపెనీవని పైసలు తీసుకోవడం రిపేరు కాదు. బండి మన చేతిలో పెట్టినవాడు ప్రాణం అమానత్ పెట్టాడు.

మీ ఇంట్లో అబ్బానో, చాచానో, నానానో షెడ్డు నడిపిన మనిషి ఉంటే ఈ జుమా నమాజు అయ్యాక పక్కన కూర్చోండి. ఫోన్లో రికార్డు పెట్టి అడగండి. ఏ జీపుకు ఎన్ని పళ్లు, ఏ బేరింగు నంబరు, ఏ సీలు ఏ బండికి కలుస్తుంది, ఎక్కడ మోసపోయారు అని. ముఖ్యంగా గల్తీలు అడగండి, అసలు ఇల్మ్ అక్కడే ఉంటుంది. ఉర్దూలో చెబితే ఉర్దూలోనే వినండి, కానీ పిల్లలు చదివే తెలుగులో రాసి షెడ్డు గోడకు అంటించండి. చదివి నేర్చుకునేది కోయ పిల్లాడైనా, మన పిల్లాడైనా మంచిదే.

ముమానీకి మొదటి డైరీ చదివి వినిపించాను. 43, 8 దగ్గర ఆపింది. "ఆ రాత్రిదా?" అంది. అవునన్నాను. "అది కూడా రాయి బేటా, ఆయన పేరు చెడుతుందని దాచకు" అంది. అందుకే రాశాను.