తీసివేసిన సీటు, చేర్చిన సీటు

పట్టణంలో పాత మోటారు సైకిలు చేతికి వచ్చిన యువకుడు మొట్టమొదట తీసివేయదలచేది దాని వెనుక సీటు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు బస్తర్ అడవులలో, తెలంగాణ సరిహద్దుకు చేరువలోనున్న కిష్టారం వంటి ఊళ్ళలో మోటారు సైకిలుకు గల విలువలో సగం ఆ వెనుక సీటుదే. రోగికైనా, నిండు చూలాలికైనా, బియ్యపు బస్తాకైనా అక్కడ చోటున్నది. ఒకచోట అనవసరపు బరువు అయినది మరొకచోట ప్రాణాధారమగుచున్నది. ఇంటివద్ద బండిని విప్పి కొత్త రూపు ఇవ్వదలచిన వారు స్పానరు పట్టుటకు ముందు ఈ తేడాను గూర్చి కొంచెం ఆలోచించవలసి ఉన్నది.

కాఫీ హోటలు పందెములు

అట్లు తగ్గించి, తేలికపరచి, ఒక్కరి స్వారీకి అనువుగా చేసిన బండికి కేఫ్ రేసర్ అని పేరు. ఆ పేరు బ్రిటన్‌లో పుట్టినది. 1938లో లండన్ నగరపు నార్త్ సర్క్యులర్ రోడ్డు ప్రక్కన ఏస్ కేఫ్ అను ఫలహారశాల వెలసినది. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబు దాడికి గురియై, 1949లో అది తిరిగి నిర్మింపబడినది. ఆ తరువాతి రెండు దశాబ్దాలలో కొత్తగా సంపాదనలో పడిన కార్మిక కుటుంబాల యువకులు తమ బండ్లతో అక్కడ గుమిగూడెడివారు. ఒక కాఫీ హోటలు నుండి మరొక హోటలు వరకు పందెము వేయుట వారికి వేడుక. గంటకు నూరు మైళ్ళు, అనగా సుమారు 160 కిలోమీటర్ల వేగాన్ని అందుకొనుట వారి ఆశయం.

పందెపు బండి కొనుటకు చాలినంత ధనం వారివద్ద లేదు. కావున ఉన్న బండినే మార్చుకొన్నారు. నార్టన్ బండి ఫ్రేములో ట్రయంఫ్ ఇంజను నమర్చి, రెండు పేర్లను కలిపి, ట్రైటన్ అని పిలిచిన బండ్లు ఆ పట్టుదలకు గుర్తులు. ఇంటివద్ద యువకులు చేసుకొనుచున్న మార్పులనే కార్ఖానాలో చేసి, రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 1964లో కాంటినెంటల్ జి.టి. అను 250 సి.సి. బండిని వెలువరించినది. ఆ సంస్థకే చెందిన బుల్లెట్టును 1955 నుండి మద్రాసులో కూర్చుట ప్రారంభమైనది. ఇంగ్లండులోని కార్ఖానాలు మూతపడిన తరువాత కూడ మద్రాసు బండి ఆగలేదు. కాంటినెంటల్ జి.టి. అను పాత పేరు 2013లో మన దేశంలోనే మరల ప్రాణం పోసుకొన్నది. కేఫ్ రేసర్ కథకు మన గడ్డతో సంబంధం లేకపోలేదు.

అందం వెనుకనున్న లెక్క

కేఫ్ రేసర్ రూపంలోని ప్రతి అంశానికి మొదట ఒక కారణం ఉండినది. గాలి కలిగించు అడ్డు వేగంతోపాటు సమానంగా పెరగదు. వేగం రెండింతలైన అడ్డు నాలుగింతలగును. స్వారీదారు నిటారుగా కూర్చున్నప్పుడు అతని రొమ్మే గాలికి పెద్ద తెరయై నిలుచును. అందుచేత ఎత్తైన హ్యాండిలును తీసి, ముందరి ఫోర్కు గొట్టాలకే పొట్టి పిడులు బిగించి, అతనిని ట్యాంకు మీదికి వంచినారు. అట్లు వంగినవానికి కాళ్ళు ముందుకు చాచుట కష్టం. కావున ఫుట్‌రెస్టులు వెనుకకు జరిగినవి. వెనుకకు జారిపోకుండ ఒంటి సీటు చివర చిన్న మూపురం వచ్చినది. మిగిలినదంతా బరువు తగ్గించుట.

ఇంటివద్ద ఈ పని చేయువారు ఆరంభించవలసినది అలంకారంతో కాదు. బండి మొదట ఆగవలెను, తరువాత నడువవలెను, ఆ తరువాతనే అందగించవలెను. పాత బుల్లెట్టు, యెజ్ది, రాజ్‌దూత్ బండ్లకు డ్రమ్ము బ్రేకులే ఉండెడివి. అరిగిన బ్రేకు షూలు, సాగిన కేబుళ్ళు, ఎండి పగిలిన టైర్లు, వదులైన చక్రపు పుల్లలు, తల బేరింగులు సరిచూచిన పిదపనే తక్కిన పని. విప్పిన నట్లు, బోల్టులు ఏ భాగానివి ఆ డబ్బాలో వేసి పేరు వ్రాసిపెట్టుట, ప్రతి దశలో ఒక ఫోటో తీసియుంచుట పాత మెకానిక్కులకు సైతం మేలు చేయు అలవాట్లు.

హ్యాండిలు మారినప్పుడు దానిని అటు చివరికి, ఇటు చివరికి తిప్పి చూడవలెను. కేబులు బిగుసుకొని ఇంజను వేగం దానంతట అదే పెరిగినచో మలుపులో ప్రమాదం తప్పదు. పిడులు ట్యాంకును తాకి వ్రేళ్ళు నలిగే అవకాశం కూడ ఉన్నది. ఫుట్‌రెస్టులను వెనుకకు జరిపినచో గేరుకు, బ్రేకుకు కొత్త కడ్డీలు కావలెను. పాత బుల్లెట్లలో గేరు కుడికాలికి, వెనుక బ్రేకు ఎడమకాలికి ఉండుట వలన అక్కడ పని మరింత నిదానంగా సాగవలెను.

వెనుక ఫ్రేమును హ్యాక్‌సాతో కోయుట అందరికీ ఉత్సాహం కలిగించు ఘట్టం. కాని షాక్ అబ్జార్బర్లు బిగియు చోటు బండికి నడుము వంటిది. దానికి ముందు కోత పడరాదు. వెల్డింగు సమయంలో బ్యాటరీ తీగలు విప్పి, పెట్రోలు ట్యాంకును దూరంగా ఉంచవలెను. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి, నిండు ట్యాంకులోని పెట్రోలు కన్నా తేలికగా ప్రేలును. ఇక ముందరి మడ్‌గార్డును కేవలం బురద ఆపు రేకు అనుకొనుట పొరపాటు. అనేక బండ్లలో అది రెండు ఫోర్కులను కలిపి పట్టియుంచు బంధం కూడ. గాలి వడపోత పెట్టెను తీసి పారవేసినచో కార్బ్యురేటరు సర్దుబాటు చెడి ఇంజను మితిమీరి వేడెక్కును; ధూళి లోపలికి పోయి పిస్టనును అరగదీయును. తీసివేయుట సులభం. తీసివేసిన వస్తువు అంతవరకు ఏ పని చేయుచుండెనో తెలిసికొనుట కష్టం.

కిష్టారం దారి

ఆ మాటకు నిజమైన అర్థం కిష్టారం వంటి చోట్ల బోధపడును. కిష్టారం నేటి సుక్మా జిల్లాలో, కోంటా తాలూకాలో ఉన్నది. దొర్లలు, గోండులు నివసించు ఆ ప్రాంతానికి తెలుగు పరాయి భాష కాదు. సరిహద్దు దాటి భద్రాచలం ఆసుపత్రికి రోగులను తెచ్చుకొనుట అక్కడివారికి ఏనాటి నుండియో ఉన్న అలవాటు. ఆ దారులలో వాగులు, రాళ్ళు, ఇసుక. ఏళ్ళ తరబడి సాగిన సాయుధ సంఘర్షణలో రోడ్లు త్రవ్వబడినవి, వంతెనలు కూలినవి. నాలుగు చక్రాల బండి రాలేని చోట రోగిని మంచం మీదనో, కర్రకు కట్టిన డోలీలోనో మోసికొని పోవలసివచ్చెడిది. కేఫ్ రేసర్ చక్కదనమంతా అక్కడ నిరుపయోగం. వంగిన పిడులు గతుకులలో మణికట్టులను విరుచును. మడ్‌గార్డు లేని చక్రం బురదను ముఖాన చిమ్మును. వెనుక సీటు లేని బండి ఆపదలో ఎవరికీ అక్కరకు రాదు.

2018 మార్చి 13వ తేదీన కిష్టారం, పాలోడి శిబిరాల మధ్య మందుపాతర ప్రేలి కేంద్ర రిజర్వు పోలీసు దళపు 212వ బెటాలియనుకు చెందిన తొమ్మిదిమంది జవానులు మరణించినారు. మందుపాతరల తాకిడికి నిలుచుటకై ప్రత్యేకంగా నిర్మించిన బరువైన వాహనంలోనే వారు ప్రయాణించుచుండిరి. ఉక్కు మందం ఒక్కటే రక్షణ కాజాలదని ఆ దుర్ఘటన చాటినది. అడవిలో గాయపడినవానికి మరొక శత్రువు కాలం. రక్తస్రావం ఆగక, వైద్యుడు అందక గడచు ప్రతి నిమిషం బ్రతుకుకు గల ఆశను తగ్గించును.

బరువు పెంచిన మార్పు

మోటారు సైకిలును అంబులెన్సుగా మార్చు ఆలోచన కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలోనే ప్రక్కబండి తగిలించిన మోటారు సైకిళ్ళపై క్షతగాత్రులను తరలించినారు. బస్తర్‌లోని నారాయణపూర్ జిల్లాలో 2014 నుండి యూనిసెఫ్ తోడ్పాటుతో మోటారు సైకిలు అంబులెన్సులు గర్భిణులను ఆసుపత్రులకు చేర్చుట ప్రారంభించినవి. 2018లో ఆంధ్రప్రదేశ్ మన్యంలో ఫీడర్ అంబులెన్సు లను పేర అటువంటి బండ్లే ప్రవేశించినవి. కొండ మీది గూడెం నుండి పెద్ద అంబులెన్సు నిలిచిన రోడ్డు వరకు రోగిని తెచ్చుట వాటి పని.

2021 జనవరి 18వ తేదీన న్యూఢిల్లీలో కేంద్ర రిజర్వు పోలీసు దళానికి రక్షిత అను బండి అందినది. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థకు చెందిన ఇన్మాస్ ప్రయోగశాల దానిని రూపొందించినది. మూలం మనకు చిరపరిచితమైన 350 సి.సి. రాయల్ ఎన్‌ఫీల్డ్. దళం పనిచేయు అడవి ప్రాంతాల ఇరుకు దారులలో అంబులెన్సు చొరబడలేకపోవుటే దాని పుట్టుకకు కారణం.

ఇందులో వెనుక సీటును తీసివేయలేదు. దానిని రోగి వెనుకకు ఆనుకొని కూర్చొనగల ఆసనంగా మార్చినారు. మెడకు గాయమైనవాని తల కదలకుండ పట్టియుంచు అమరిక ఉన్నది. స్పృహ తప్పినవాడు జారిపడకుండ చేతులకు, కాళ్ళకు పట్టీలున్నవి. అతని శరీరస్థితిని కొలిచి, విషమించినచో ముందు కూర్చున్న చోదకునికి హెచ్చరిక అందజేయు పరికరం కూడ కలదు. వెనుకకు తిరిగి చూడనక్కరలేకుండ బండి నడుపువానికి రోగి సంగతి తెలియును. అన్నిటికన్న గమనింపదగినది మరొకటి. ఆ ఆసనాన్ని అవసరమైనప్పుడు బిగించి, అవసరం తీరగానే విప్పివేయవచ్చును. బండి మరల బండిగానే నిలుచును.

చట్టం అడుగు ప్రశ్న

మన దేశపు చట్టం కూడ ఈ తేడాను గుర్తించినది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరం వచ్చిన సవరణ ననుసరించి, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలుశిక్ష గాని, రెండును గాని విధింపవచ్చును. కాని శారీరక వైకల్యం గలవారి వినియోగానికై బండిని అనుకూలపరచుటకు రిజిస్ట్రేషను అధికారి ఆమోదంతో అవకాశం కల్పింపబడినది. సరదాకు అడ్డు చెప్పిన చట్టమే అవసరానికి దారి విడిచినది.

కావున ఇంటి పెరటిలో పాత బండిని విప్పుచున్న యువకుడు నిరాశ చెందనక్కరలేదు. ఇంజనును శుభ్రపరచి, బ్రేకులు బాగుచేసి, తుప్పు గీకి, రంగు వేసి, మొదటి రూపంలోనే నడిపించుట చట్టం కాదనని, చేతికి పని నేర్పు విద్య. అంతకు మించి మార్చదలచినచో రిజిస్ట్రేషను కార్యాలయంలో ముందుగా విచారించవలెను. కోతకు ముందు విప్పుటతో పని జరుగునేమో చూడవలెను. తీసిన భాగాలను పదిలపరచవలెను. నేడు హ్యాక్‌సా క్రింద పడిన వెనుక ఫ్రేము రేపు కావలెనన్నను రాదు.

లండన్ యువకులు తమ బండిని ఒక్కరి కొరకు తేలికపరచినారు. వారి దారి సాఫీ అయినది, వారి గమ్యం మరొక కాఫీ హోటలు. అడవి దారిలో బండిని ఇద్దరి కొరకు బరువెక్కించినారు. వారి గమ్యం ఆసుపత్రి. రెండు చోట్లను చేతులు ఆడించినది అవే స్పానర్లు. ఏది తీయవలెను, ఏది చేర్చవలెను అను ప్రశ్నకు బండి సమాధానం చెప్పలేదు. అది పోవలసిన దారి, దానికై ఎదురుచూచు మనిషి చెప్పవలెను.