గుంపులో నిలిచినవాని నేరము

ఎవడు చేసిన కర్మమునకు వాడే బాధ్యుడనుట లోకసమ్మతమైన న్యాయము. కాని ఒకడు కొట్టిన దెబ్బకు వేరొకనిని ఉరికంబ మెక్కింపగల మార్గము మన శిక్షాస్మృతిలో 1860 నుండియు నున్నది. ఐదుగురుగాని అంతకు మించిగాని అక్రమముగా గుమిగూడి, తమ ఉమ్మడి ఉద్దేశమును నెరవేర్చుకొనుటలో ఒకడు నేరము చేసినచో, తక్కినవారును ఆ నేరస్థులే యగుదురని 149వ సెక్షను శాసించెను. అట్టి నేరము జరుగవచ్చునని ఎరిగి అందుండుటయు చాలును.

ఈ సూత్ర మెంత దూరము పోగలదో చౌరీచౌరా చాటినది. 1922 ఫిబ్రవరి 4వ తేదీన జనసమూహము ఠాణాకు నిప్పు పెట్టగా ఇరువదిమందికి పైగా పోలీసులు మరణించిరి. అది ఘోరకృత్యము, గాంధీమహాత్ముడు దానికై సహాయనిరాకరణోద్యమమునే నిలిపివేసెను. అయినను 1923 జనవరిలో సెషన్సు న్యాయస్థానము 172 మందికి మరణశిక్ష విధించుట ఏమి న్యాయము? మదనమోహన మాలవీయ పండితుని వాదము విన్న అలహాబాదు హైకోర్టు 19 మందికి మాత్రమే ఆ శిక్షను ఖాయపరచి, 38 మందిని నిర్దోషులని విడిచిపెట్టెను. తొలితీర్పే తుదితీర్పై యుండిన నిరపరాధులు ఉరిత్రాట వ్రేలాడియుందురు గదా!

ఆ ప్రభుత్వము పోయినది. ఆ సూత్రము పోలేదు. 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో అదియే 190వ సెక్షను. గుంపులు మనుష్యులను కొట్టి చంపుచున్న ఈ దినములలో ఇట్టి శాసనమే వలదనుట మా మతము గాదు. పదిమంది చుట్టుముట్టినప్పుడు ప్రాణము తీసిన దెబ్బ ఎవనిదో తేల్చుట దుర్ఘటము. దారి నడ్డగించినవాడును, కేకలతో పురికొల్పినవాడును తప్పించుకొనరాదు.

కాని కూడుట వేరు, చూడవచ్చుట వేరు. ప్రతివాడును స్వయముగా కొట్టినట్లు రుజువు కానక్కరలేదని మసాల్తీ కేసులో 1964లో చెప్పిన సుప్రీంకోర్టే, నిందితులు పెక్కుమంది యైనప్పుడు ఇద్దరు ముగ్గురు సాక్షులైనను పొందికగా చెప్పినగాని శిక్షింపరాదను పద్ధతిని మెచ్చుకొనెను. పల్లెలలో కక్షలు రేగినప్పుడు ఎదుటివర్గమున తండ్రిని, కొడుకులను, అన్నదమ్ములను వరుసగా ఫిర్యాదులో చేర్చుట ఎరుగనివారెవరు? ఇట్టి జాబితాకు ఈ సెక్షను తోడైనచో, వీధిలో నిలుచుటయే హత్యానేర మగును.

కావున దర్యాప్తు చేయు అధికారి ప్రతి పేరున కెదుటను, వాడచ్చట ఏల నుండెను, ఏమి చేసెను, ఏమి ఎరిగియుండెను అను మూడు సంగతులను వేరువేరుగా వ్రాయవలెను. వ్రాయలేని పేరును అభియోగపత్రమున చేర్చరాదు. చేర్చినను న్యాయాధిపతులు ఉపేక్షింపరాదు. గుంపును శిక్షించుట సులభము; అందలి మనుష్యుని విడదీసి చూచుటయే న్యాయము.