షౌక్ సరే, ఖర్చు ఎవరిది?



2025 ఫిబ్రవరి 23న దుబాయ్‌లో భారత్-పాకిస్తాన్ చాంపియన్స్ ట్రోఫీ మ్యాచ్. మేజ్‌బాన్ పాకిస్తానే అయినా మన జట్టు అక్కడికి వెళ్ళలేదు కాబట్టి మన మ్యాచ్‌లన్నీ దుబాయ్‌లో పెట్టారు. దాంతో మా శావల్యాపురం నౌజవాన్లలో బహస్ మొదలైంది: వెళ్దామా, వద్దా?

"జిందగీలో ఒక్కసారి కదా భాయ్!" అని కొందరు. విమానం, వీసా, బస లెక్క వేశారా అని ఇంకొందరు. బుజుర్గులైతే ఒక్క మాటలో "ఇస్రాఫ్" అనేశారు.

నా రాయ్ వేరు. షౌక్ గునాహ్ కాదు. ఇంటి జరూరతులు తీర్చి, హలాల్ కమాయీతో వెళ్ళేవాణ్ణి ఆపే హక్ మనకు లేదు. ఊటీకి వెళ్తే ఏమీ అనని మనం క్రికెట్ అనగానే ఫత్వాలివ్వడం ఇన్సాఫ్ కాదు.

కానీ వడ్డీకి కర్జ్ తెచ్చి, చెల్లి నికాహ్‌కి దాచిన పైసలు తీసి వెళ్తే అది ఇంటివాళ్ళ మీద జుల్మ్. పైగా మ్యాచ్ అయిన వారానికే రమజాన్. ఇఫ్తార్, ఫిత్రా, పిల్లల ఈద్ బట్టలు, అన్నీ ఆ జేబులోంచే రావాలి.

ఇంకో మాట. గల్ఫ్‌లో మజ్దూరీ చేసే మన భాయిలు ఛుట్టీకి రావడానికి టికెట్ పైసలు లేక ఏళ్ళు ఆగుతారు. కోహ్లీ సెంచరీ మనకు టీవీలోనూ దొరికింది. బేటా వస్తే దొరికే సుకూన్ ఏ అమ్మీకీ వీడియో కాల్‌లో దొరకదు.

స్తోమత ఉంటే వెళ్ళండి, ఖుషీగా చూసి రండి. ముందు ఇంట్లో మష్వరా చేయండి. ఇంట్లో హిసాబ్ చెప్పలేని సఫర్ మాత్రం వద్దు.